కాన్వాసా, ఖాదీయా, జనపనారా, వైరు బుట్టా? ఇంట్లో, చిన్న కొట్లో కుట్టి అమ్మేవాళ్ళ దగ్గర మంచి సంచి ఎంచుకోవడం

ఈమధ్య విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ ఒక మంచి సంచి కొందామని బయల్దేరితే, చాయిస్ ఎక్కువైపోయి ఏదీ తేలదు. ఇంట్లో మిషన్ పెట్టుకుని కుట్టేవాళ్ళు కాన్వాస్ టోట్ బ్యాగుల ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెడుతున్నారు. డ్వాక్రా స్టాళ్ళలో జనపనార సంచులు వేలాడుతుంటాయి. ఖాదీ దుకాణాల్లో భుజం సంచులు, ఇన్‌స్టాగ్రామ్‌లో బొమ్మలు వేసిన సంచులు, మన వీధిలోనే ఎవరో ఒక పిన్ని అల్లే వైరు బుట్టలు. చూడ్డానికి అన్నీ బాగుంటాయి. ఆరు నెలలు వాడాక ఏది ఎలా ఉంటుందో ఫొటోలో తెలీదు కదా.

నేను సంచులన్నీ ఇలా చిన్నగా కుట్టి అమ్ముకునేవాళ్ళ దగ్గరే కొంటాను. వాళ్ళకి సాయం చేసినట్టు ఉంటుందన్న మాట నిజమే గానీ, అసలు కారణం వేరు. హ్యాండిల్ ఊడితే తీసుకెళ్ళి చూపించడానికి అక్కడ ఒక మనిషి ఉంటారు. అర అడుగు పొడుగు పెంచమంటే పెంచుతారు, లోపల ఒక జేబు కుట్టమంటే కుడతారు. పెద్ద షాపులో ఎంత డబ్బు పోసినా ఈ రెండూ దొరకవు. కాబట్టి ఏ రకం తీసుకున్నా, మళ్ళీ బాగు చేసి ఇచ్చేవాళ్ళ దగ్గరే తీసుకోండి. కింద రాసిందంతా దాని తర్వాతి లెక్క.

ముందు తేల్చుకోవాల్సినవి

నాకు సంచులు కుట్టే పెద్దాయన ఒకరున్నారు. గుడ్డ ఏ రంగుంది అని అడిగితే ఆయన రంగు చూపించరు. "ఏటి మోస్తావమ్మా ఇందులో? అది సెప్పు ముందు, గుడ్డ తర్వాత సూద్దాం" అంటారు. కొనేవాళ్ళందరూ వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న అదే. రోజూ రెండు పుస్తకాలు, టిఫిన్ బాక్సు మోసే సంచి వేరు, రైతుబజారు నుంచి ఆనపకాయా ఐదు కిలోల ఉల్లిపాయలూ తెచ్చే సంచి వేరు, చేపలు తెచ్చేది పూర్తిగా వేరు.

రెండోది హ్యాండిల్. గుడ్డ చిరిగి పాడైన సంచులు తక్కువ, హ్యాండిల్ మొదట్లో కుట్టు తెగి మూలపడ్డవే ఎక్కువ. అందుకే సంచి చేతికి రాగానే లోపలికి తిరగేసి చూడండి. హ్యాండిల్ చివర పైఅంచుకి ఒక్క అడ్డకుట్టుతో అతికించి ఉంటే వద్దు. కనీసం అంగుళం, అంగుళంన్నర కిందికి దిగాలి. చుట్టూ చతురస్రంలా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా మళ్ళీ కుట్టాలి. లోపలివైపు ఆ చోటే ఇంకో ముక్క గుడ్డ వేసి ఉంటే కుట్టినవాళ్ళకి పని వచ్చినట్టే. కుట్లు మరీ దగ్గరగా ఉంటే గట్టిదనుకుంటాం గానీ, ముతక గుడ్డ మీద అలా కుడితే సూది రంధ్రాల వరస వెంటే గుడ్డ చిరుగుతుంది. అంగుళానికి ఏడెనిమిది కుట్లు చాలు.

హ్యాండిల్‌కి అదే గుడ్డ మడత పెట్టి వాడతారు, లేదా నవారు వేస్తారు. బరువు మోయాలంటే నేను నవారుకే ఓటేస్తాను. అంగుళంన్నర వెడల్పున్న నూలు నవారు భుజం మీద కోసుకోదు, సాగదు. నైలాన్ పట్టీ గట్టిదే గానీ చెమటకి జారుతుంది.

మూడోది తడి. మన తీరంలో అక్టోబరు, నవంబరు వచ్చిందంటే తుపాను కబురు లేకుండా ఉండదు. నూలు గుడ్డ తడిస్తే దాని బలం కాస్త పెరుగుతుంది, జనపనార తడిస్తే తగ్గుతుంది. రెండూ సహజమైన నారలే అయినా వానాకాలం వాటి నడవడిక ఇలా ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉంటుంది.

ఇక మీరు ఎలా తిరుగుతారన్నది. స్కూటీ కొక్కానికి తగిలించేవాళ్ళకి పొడుగు హ్యాండిల్ పనికిరాదు, సంచి కాళ్ళ దగ్గర ఊగుతుంది. బస్సెక్కేవాళ్ళకి భుజాన పడేలా ఉండాలి, పైన జిప్పు ఉండాలి. పట్టీ ఒక్కొక్కటి పాతిక అంగుళాలు దాటితే చాలామందికి భుజం మీద సరిగ్గా కూర్చుంటుంది.

ఒక్క చూపులో

| రకం | బరువు | తడి | ఉతకడం | బాగు చేయించడం | ధర |
|---|---|---|---|---|---|
| మందం కాన్వాస్ | బాగా ఆగుతుంది | తడిసినా చిరగదు, ఆరడం ఆలస్యం | సులువు | ఏ టైలరైనా చేస్తారు | మధ్యస్తం |
| ఖాదీ, చేనేత భుజం సంచి | తేలికవే | ఫర్వాలేదు | చేత్తో, విడిగా | సులువు | మధ్యస్తం నుంచి ఎక్కువ |
| జనపనార | బాగా ఆగుతుంది | పడదు | ఉతక్కూడదు | కష్టం | తక్కువ నుంచి మధ్యస్తం |
| పాత జీన్స్, చీరల సంచి | గుడ్డని బట్టి | గుడ్డని బట్టి | సులువు | సులువు | కుట్టుకూలి మాత్రమే |
| వైరు బుట్ట | బాగా ఆగుతుంది | ఏమీ కాదు | నీళ్ళు పోస్తే చాలు | అల్లినవాళ్ళే చేయాలి | మధ్యస్తం |

కాన్వాస్: ఎక్కువమందికి ఇదే సరిపోతుంది

ఒక్క సంచే కొంటాను, దేనికైనా పనికి రావాలి అంటే కాన్వాస్ తీసుకోండి. అయితే కాన్వాస్ పేరుతో అమ్మేదంతా ఒకటి కాదు. గుడ్డ మందాన్ని జీఎస్ఎమ్‌లో చెప్తారు, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందని. కొందరు ఔన్సుల్లో చెప్తారు, పది ఔన్సులంటే సుమారు 340 జీఎస్ఎమ్. మార్కెట్ సరుకు మోసే సంచికి 300 పైన ఉండాలి. 150 దగ్గర ఉన్నది పల్చటి గుడ్డ, పుస్తకం మూల తగిలినా సాగిపోతుంది.

అమ్మేవాళ్ళకి జీఎస్ఎమ్ తెలీకపోతే వంటింటి కాటా మీద పెట్టి చూడమనండి. పదిహేనంగుళాల వెడల్పు, పదహారంగుళాల పొడుగు ఉన్న సంచి, గుడ్డ హ్యాండిల్స్‌తో కలిపి సుమారు 150 గ్రాములు తూగితే గుడ్డ మందంగా ఉన్నట్టు. డెబ్భై గ్రాముల దగ్గర ఆగిపోతే అది ఫొటోలో మాత్రమే కాన్వాస్. ఆన్‌లైన్లో ఆర్డరిచ్చేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడిగితే సగం టెన్షన్ తగ్గుతుంది. నిజాయితీగా పనిచేసేవాళ్ళు విసుక్కోకుండా తూచి చెప్తారు.

కొత్త కాన్వాస్ గంజి వల్ల బిరుసుగా ఉంటుంది. వేళ్ళ మధ్య గట్టిగా రుద్దితే తెల్లటి పొడి రాలిందంటే ఆ బిరుసు మొదటి ఉతుకుతో పోయేదే. గుడ్డని ముందే తడిపి ఆరేసి కుట్టారా అని కూడా అడగండి. తడపకుండా కుట్టిన సంచి ఉతికాక కుంచించుకుపోతుంది, లోపల లైనింగ్ ఉంటే పైగుడ్డ ఒకలా, లోపలిది ఒకలా ముడుచుకుని సంచి వంకర తిరుగుతుంది.

బొమ్మ ఉన్న సంచైతే అది ఎలా వేశారో చూసుకోవాలి. స్క్రీన్ ప్రింట్ అయితే రంగు నేతలోకి దిగి, వేలితో తడిమితే గుడ్డ గరుకు తెలుస్తుంది. వేడితో అతికించిన స్టిక్కర్ ప్రింట్ నున్నగా, పలచటి ప్లాస్టిక్ పొరలా ఉంటుంది. రెండోది మడత పెట్టిన చోట పగులుతుంది. సంచిని మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునే అలవాటుంటే స్టిక్కర్ ప్రింట్ జోలికి పోవద్దు.

నా కాన్వాస్ సంచికి గుడ్డ, నవారు, కుట్టుకూలి అన్నీ కలిపి మూడొందల లోపే అయింది. ఒకసారి హ్యాండిల్ మార్పించాను కూడా.

ఖాదీ: పొందూరు పేరు చూసి తొందరపడొద్దు

పొందూరు మనకెంత గర్వకారణమో చెప్పక్కర్లేదు. కొండపత్తి, పునాసపత్తి గింజ తీసే ముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ దవడకి ఉండే సన్నటి పళ్ళు దువ్వెనలా పనిచేసి పత్తిలోని చెత్తని లాగేసి, పోగులన్నిటినీ ఒక దారికి తెస్తాయి. ఆ పత్తితో చేత్తో వడికిన నూలు వంద కౌంటు దాకా వెళ్తుంది. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. 1949లో మొదలైన ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఈ పనిని నిలబెట్టుకొస్తోంది. గాంధీజీ మెచ్చుకున్న గుడ్డ ఇది.

అంత సన్నటి నూలు గుడ్డ పంచెకి, చీరకి, చొక్కాకి పుట్టింది. దాన్ని సంచి కుట్టించి అందులో కూరగాయలు వేస్తే ఆ పనితనానికి అన్యాయం చేసినట్టే. సంచికి కావలసింది లావు నూలుతో నేసిన ముతక ఖాదీ. పొందూరు ఖాదీతో చేసిన టోట్ బ్యాగ్ అని ఎవరైనా అమ్మితే, ఏ కౌంటు గుడ్డ, పైనా లోపలా ఎన్ని పొరలు అని అడగండి. లోపల ముతక గుడ్డ లైనింగ్ వేసి, పైన మాత్రం సన్న ఖాదీ వేసిన చిన్న సంచి ముచ్చటగా ఉంటుంది. పేరంటానికి, పెళ్ళికి, ఫోనూ పర్సూ కళ్ళజోడూ పెట్టుకోవడానికి బాగుంటుంది. బరువు మాత్రం వెయ్యకండి.

ముతక ఖాదీ భుజం సంచి సంగతి వేరు. మేష్టార్ల భుజాన, సభలకి వెళ్ళేవాళ్ళ భుజాన ఎన్నో ఏళ్ళుగా వేలాడుతున్నది అదే. ఒకే పట్టీ, అడ్డంగా వేసుకోవచ్చు, చేతులు ఖాళీగా ఉంటాయి. కాగితాలు, ఒక పుస్తకం, నీళ్ళ సీసాకి ఇంతకంటే హాయైనది లేదు. పట్టీ, పక్కలు ఒకే ముక్కగా వచ్చేలా కుట్టారేమో చూడండి. అలా ఉంటే హ్యాండిల్ ఊడే సమస్యే రాదు. రంగు ఖాదీ అయితే తడి తెల్ల రుమాలుతో ఒక మూల రుద్ది చూడండి. రుమాలుకి రంగంటితే మొదటి వానకి మీ చొక్కాకీ అంటుతుంది.

ఖాదీ కొంటున్నప్పుడు ఖాదీ మార్క్, చేనేతకైతే హ్యాండ్‌లూమ్ మార్క్ ఉందో లేదో చూసుకోవాలి. ఇంట్లో కుట్టేవాళ్ళ సంచి మీద ఆ గుర్తు ఉండకపోవచ్చు. అప్పుడు గుడ్డ ఎక్కడ కొన్నారో అడిగితే చాలు.

జనపనార: మన నేలదే, కానీ వానకి పనికిరాదు

నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం, సాలూరు అనగానే జూట్ మిల్లులు గుర్తొచ్చే తరం ఇంకా మన ఇళ్ళల్లో ఉంది. మన రైతులు పండించే గోగునార కూడా ఆ మిల్లులకే వెళ్ళేది. గోగు అంటే గోంగూరకి దగ్గరి చుట్టం. కర్రల్ని నీళ్ళలో ఊరవేసి నార ఒలిచేవారు. మిల్లులు చాలావరకు మూతపడ్డాయి, గోగు సాగూ తగ్గిపోయింది. అందుకని మన దగ్గర అమ్మే జనపనార సంచి గుడ్డ ఇక్కడిదే అనుకోనక్కర్లేదు. కుట్టేవాళ్ళు మాత్రం ఇక్కడివాళ్ళే, అదీ ముఖ్యమే.

ఈ సంచి గొప్పతనం దాని నిలకడ. ఖాళీగా ఉన్నా నిటారుగా నిలబడుతుంది. అడుగుభాగం వెడల్పుగా పెట్టి కుడితే స్టీలు క్యారేజీ వంకర కాకుండా కూర్చుంటుంది. అన్నం, పప్పు, పులుసు ఉన్న క్యారేజీ ఆసుపత్రికో ఆఫీసుకో పట్టుకెళ్ళేవాళ్ళకి ఇంతకంటే మంచి సంచి లేదని నా ఉద్దేశం.

ఇబ్బందులు మూడు. కొత్తలో ఒకరకం నూనె వాసన వేస్తుంది. మిల్లులో నారని మెత్తబరచడానికి నూనె కలిపిన నీళ్ళు చల్లుతారు, ఆ వాసన అది. నాలుగు రోజులు నీడలో గాలికి వేలాడదీస్తే పోతుంది. రెండోది, షాపింగ్ సంచుల్లో చాలావాటికి లోపల పల్చటి ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది. మడిచిన చోటల్లా అది పొక్కులొచ్చి, పెచ్చుల్లా రాలి కూరగాయలకి అంటుకుంటుంది. ప్లాస్టిక్ పొర బదులు నూలు గుడ్డ లైనింగ్ వేసి కుట్టమంటే కొంచెం ఎక్కువ తీసుకుని కుట్టేవాళ్ళున్నారు, ఆ కొంచెం ఇచ్చెయ్యండి. మూడోది తడి. తడిసి మూలన పడి ఉంటే బూజు పడుతుంది, నారా బలం పోతుంది. నల్ల మచ్చలొచ్చాక ఇక చేసేదేం లేదు. పట్టు చీర కట్టుకున్న రోజు కూడా ఇది వద్దు, గరుకుకి పోగులు లేస్తాయి.

పాత జీన్స్, పాత చీరలు

ఇంట్లో మూలపడ్డ జీన్స్ ప్యాంటుని టైలరుకిస్తే కాన్వాస్‌తో సమానమైన సంచి తయారవుతుంది. జేబులు కూడా రెడీగా ఉంటాయి. కుట్టేవాళ్ళ దగ్గర పద్దెనిమిదో నెంబరు సూది ఉండాలి. జాకెట్లు కుట్టే సన్న సూదితో మొదలుపెడితే మడతల దగ్గర సూది విరుగుతుంది, కుట్లు ఎగిరిపోతాయి.

పాత చీరల సంచులు రెండు రకాలు. నూలు చీరని రెండు మూడు పొరలు వేసి బొంత కుట్టినట్టు వరసలుగా కుట్టినవి నమ్మకంగా పనిచేస్తాయి. పాత పట్టు చీరవి చూపుకే. పట్టు మడతల వెంట చివికిపోయి ఉంటుంది, ఎంత లైనింగ్ వేసినా ఆ గీతల వెంటే చీలుతుంది. అమ్మ చీర మీద మమకారంతో కుట్టించుకుంటామంటే తప్పకుండా కుట్టించుకోండి, బీరువాలో నగల పెట్టెల మీద కప్పేంత జాగ్రత్తగా వాడుకోండి.

వైరు బుట్ట

దీన్ని టోట్ బ్యాగుల లిస్టులో ఎవరూ పెట్టరు, నేను పెడతాను. చేపలకి, రొయ్యలకి, మాంసానికి, తడి ఆకుకూరలకి గుడ్డ సంచి ఏదీ సరిపోదు. వైరు బుట్ట ఇంటికి రాగానే పెరట్లో బోర్లించి నీళ్ళు పోస్తే వాసనుండదు. నాలుగు మూలలా కాళ్ళలాంటి గుబ్బలు పెట్టించుకుంటే మార్కెట్లో తడి నేల మీదా పెట్టొచ్చు. అడుగుభాగం వెడల్పు కాబట్టి స్కూటీ మీద కాళ్ళ మధ్య కదలకుండా కూర్చుంటుంది.

అల్లిక బిగుతుగా ఉందో లేదో చూడాలి. అడుగుభాగాన్ని లోపల్నుంచి బొటనవేలితో నొక్కితే గళ్ళు విడిపోకూడదు. హ్యాండిల్ లోపల గట్టి తీగ వేసి పైన వైరు చుట్టాలి, లేకపోతే ఐదు కిలోలకే వేళ్ళు కోసుకుంటాయి. ప్లాస్టిక్ కదా అంటారు. నిజమే, కానీ ఇది నాలుగు రోజుల్లో పారేసేది కాదు, ఏళ్ళ తరబడి వాడేది.

అసలు జాగ్రత్త పడాల్సింది బట్టల షాపుల్లో గుడ్డలా కనిపిస్తూ ఇచ్చే నాన్ ఓవెన్ సంచుల విషయంలో. అవి గుడ్డ కాదు, పాలీప్రొపిలిన్ ప్లాస్టిక్. ఎండలో కొన్నాళ్ళుంటే ముట్టుకోగానే పొడిపొడి అవుతాయి. 60 జీఎస్ఎమ్ కంటే పలచటి నాన్ ఓవెన్ సంచుల్ని 2021 సెప్టెంబరు 30 నుంచి దేశమంతా నిషేధించారు. స్టాల్లో చేత్తో కుట్టిన బ్యాగులని చెప్పి ఇవి కూడా కలిపి అమ్ముతుంటారు, చూసుకోండి.

బొమ్మల సంచులు

సీతంపేట వైపు సవర గిరిజనులు ఎర్రమట్టి పూసిన గోడల మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలు ఇప్పుడు గుడ్డ మీదికీ వస్తున్నాయి. ఆ బొమ్మలున్న సంచి దొరికితే, వేసినవాళ్ళ దగ్గరే కొనండి. అదే బొమ్మని ఫొటో తీసి ప్రింట్ చేసిన సంచీ అమ్ముతారు, దాని డబ్బు బొమ్మ గీసిన చేతికి చేరదు. చేత్తో వేసినదాంట్లో పక్కపక్క మనుషుల బొమ్మలు రెండూ ఒకేలా ఉండవు, అలా పోల్చుకోవచ్చు. చల్లనీళ్ళలో ఉతికి, తిరగేసి ఇస్త్రీ చేయాలి.

మరి మీరు ఏది తీసుకోవాలి?

ఎచ్చెర్ల యూనివర్సిటీకో జేఎన్‌టీయూకో వెళ్ళే పిల్లలైతే లైనింగ్, జిప్పు ఉన్న కాన్వాస్. ల్యాప్‌టాప్ మోస్తే లోపల స్పాంజి వేసిన అర విడిగా కుట్టించుకోవాలి. రోజూ ఒకే భుజం మీద ల్యాప్‌టాప్ బరువు పడితే నొప్పొస్తుంది, దానికి వీపు సంచే మేలు. ఈ ఒక్క విషయంలో టోట్ బ్యాగ్ వద్దంటాను.

రోజూ బస్సులో విశాఖపట్నం వెళ్ళొచ్చే ఉద్యోగులకి కూడా కాన్వాసే, క్యారేజీకి మాత్రం విడిగా చిన్న జనపనార సంచి. రెండూ ఒకదాంట్లో పెడితే పులుసు కాగితాల మీదికి వస్తుంది.

ఇంటి సరుకులకైతే మందం కాన్వాస్ ఒకటి, వైరు బుట్ట ఒకటి. మూడోది అక్కర్లేదు. ఇది డబ్బు గురించి మాత్రమే చెప్పట్లేదు. 2018లో డెన్మార్క్ పర్యావరణ శాఖ వేసిన లెక్కలో, మామూలు నూలు సంచి వాతావరణానికి చేసిన నష్టం పూడాలంటే, ఒక ప్లాస్టిక్ సంచితో పోలిస్తే కనీసం 52 సార్లు వాడాలని తేలింది. నీళ్ళు, ఓజోన్ పొర లాంటివన్నీ కలిపితే అది 7,100 సార్లు. పత్తి పండించడానికి, నేయడానికి అయ్యేది అంత. గుడ్డ సంచి కదా అని పది కొని మేకుకి తగిలిస్తే మేలేం లేదు, రెండింటినే చిరిగేదాకా వాడితేనే ఉంది.

అరసవిల్లికో పైడితల్లి పండక్కో వచ్చిన బంధువులకి బహుమతిగా ఇవ్వాలంటే ముతక ఖాదీ భుజం సంచి, లేదా సవర బొమ్మల సంచి. వాళ్ళ ఊళ్ళో దొరకనిది ఇస్తే బాగుంటుంది.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు

మీ వస్తువులు తీసుకెళ్ళి అక్కడే కొలత తీయించండి. పాత సంచిలో నచ్చినదుంటే అదే ఇచ్చి, ఇలాగే, ఇంత పొడుగు పెంచి అని చెప్పండి. దారం పాలిస్టర్‌ది వేయమనండి, నూలు దారం రోజూ చెమటకి, తడికి నాని నాని తొందరగా చివుకుతుంది. గుడ్డ కొనుక్కోవడానికి అడ్వాన్సు అడిగితే ఇవ్వండి. చిన్నగా కుట్టేవాళ్ళ దగ్గర గుడ్డ నిల్వ ఉండదు, మీ డబ్బుతోనే మీ గుడ్డ కొంటారు. దసరాకి ముందూ పెళ్ళిళ్ళ సీజన్లోనూ జాకెట్ల పని మీద ఉంటారు, సంచికి తొందరపెడితే హ్యాండిల్ కుట్టే దగ్గరే ఆ తొందర కనిపిస్తుంది. బేరం ఆడాలనిపిస్తే ధర తగ్గించమనకుండా, హ్యాండిల్ ఊడితే ఏడాదిలోపు ఊరికే కుట్టిస్తారా అని అడగండి. ఎక్కువమంది సరే అంటారు.

పెళ్ళికో గృహప్రవేశానికో రిటర్న్ గిఫ్టుగా వంద, రెండొందల సంచులు కావాలంటే ముందు ఒక్కటే కుట్టించుకోండి. దాన్ని ఇంటికి తెచ్చి ఉతికి ఆరేసి, ఐదు కిలోల బియ్యం పోసి రాత్రంతా మేకుకి తగిలించండి. పొద్దున్న హ్యాండిల్ కుట్టు కదలకపోతే, రంగు దిగకపోతే, మిగతావాటికి అడ్వాన్సు ఇచ్చేయండి.